రస్ట్‌డెస్క్: నిజాంపేటలో కూర్చుని మండపేట మిల్లు లెక్కలు

"కనెక్టెడ్, వెయిటింగ్ ఫర్ ఇమేజ్."

రస్ట్‌డెస్క్ అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌ని మన దగ్గర నుంచే చూస్తూ నడిపించే సాఫ్ట్‌వేర్. అది చూపించిన ఈ నాలుగు ముక్కల వైపు చూస్తూ ఒక రాత్రి గంటంపావు కూర్చున్నాను. ఆ రోజు తారీఖు 20, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయడానికి ఆఖరి రోజు. నేనుండేది హైదరాబాద్ నిజాంపేటలో. లెక్కలున్నది మండపేటలో, మా మావయ్య రైస్ మిల్లు ఆఫీసు కంప్యూటర్లో. కనెక్ట్ అయ్యానంటుంది, బొమ్మ మాత్రం రాదు. గుమస్తా గారు ఇంటికెళ్లిపోయారు, ఫోన్ ఎత్తరు. చివరికి మిల్లు వాచ్‌మన్‌కి చేశాను.

"కిటికీలోంచి చూశానండి, బాక్సు లైటు వెలుగుతూనే ఉందండి."

"బాక్సు కాదు, దాని పక్కన టీవీలా ఉంటుందే, అది?"

"అది ఆరిపోయుందండి. గుమస్తా గారు రోజూ ఆపే వెళ్తారండి, కరెంటు కాలుతుందని."

తలుపు తీయించి, ఆ టీవీలాంటిదాని కింద బటన్ నొక్కించాను. ఠక్కున బొమ్మ వచ్చింది. మధ్యాహ్నం నేను సగంలో వదిలేసిన టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) స్క్రీన్ అలాగే ఉంది. రిటర్న్ వేసేసరికి పదకొండూ నలభై.

మానిటర్‌ని ఆపేస్తే కొన్ని కంప్యూటర్లు తమకు అసలు స్క్రీనే తగిలించలేదనుకుంటాయి. గీయడానికి స్క్రీన్ లేనప్పుడు మనకు పంపడానికి బొమ్మెక్కడిది? దీనికి మందు హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అని బొటనవేలంత ముక్క. వెనక గుచ్చితే కంప్యూటర్ అక్కడ మానిటర్ ఉందనుకుంటుంది. ఆన్‌లైన్లో మూడొందల లోపు దొరికింది. గుమస్తా గారి అలవాటు మార్చడం కన్నా అదే సులువు, చవక. ఇప్పుడాయన హాయిగా మానిటర్ ఆపుకుని వెళ్తారు.

ఇంతకీ ఇది రస్ట్‌డెస్క్ గురించి రాస్తున్న రివ్యూ. ఏడాదిన్నరగా వాడుతున్నాను. మండపేట మిల్లు కాక, కడియంలో ఒక నర్సరీకి, అమలాపురం దగ్గర ఒక ఎరువుల కొట్టుకి కూడా ఇంటి నుంచే లెక్కలు చూస్తాను. కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు, బీకామ్. కాబట్టి ఇందులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు కొత్త సంగతులేం ఉండవు. నాలాగా దూరపు కంప్యూటర్ మీద రోజూ పని చేయాల్సిన వాళ్ల కోసం రాస్తున్నా.

దీనికి ముందు అందరికీ తెలిసిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఉచితంగా వాడేదాన్ని. ఒకరోజు "మీరు వ్యాపారానికి వాడుతున్నట్టు అనుమానంగా ఉంది" అని చీటీ చూపించి, ఐదు నిమిషాలకోసారి లైను తెంచడం మొదలెట్టింది. అనుమానమేం కాదు, నిజమే. వ్యాపారానికే వాడుతున్నాను. వాళ్లను తప్పు పట్టను. కానీ ముగ్గురు చిన్న ఖాతాదారులతో నెట్టుకొచ్చే నాకు వాళ్ల ఏడాది చందా చూస్తే కళ్లు తిరిగాయి.

తరవాత విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించాను. ఆ కథ మూడు అంకాలు. మొదటి అంకం: మిల్లు కంప్యూటర్లో ఉన్నది విండోస్ హోమ్. హోమ్ నుంచి బయటి కంప్యూటర్‌కి వెళ్లొచ్చు గానీ, బయటివాళ్లు హోమ్‌లోకి రాలేరు. మావయ్యను బతిమాలి ప్రో కొనిపించాను. రెండో అంకం: సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మిల్లు వైఫైలోనే నా లాప్‌టాప్ పెట్టి చూశాను. వెన్నలా నడిచింది. వేగంలో దాన్ని మించింది నేనింతవరకూ చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటి ముక్క) కనపడలేదు. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కాబట్టి రిటర్న్ మీద ఆ డిజిటల్ సంతకం (డీఎస్‌సీ) తప్పనిసరి, ఓటీపీతో కుదరదు. ఆ టోకెన్ మిల్లు సీపీయూకే గుచ్చి ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లోకి వెళ్తే విండోస్ ఇలాంటి టోకెన్లని (దాని భాషలో స్మార్ట్ కార్డుల్ని) మనం కూర్చున్న వైపు వెతుకుతుంది. అవతల గుచ్చిన టోకెన్‌ని చూడదు. డ్రైవర్ పాడైందనుకుని రెండుసార్లు తీసి మళ్లీ వేసి, భోగి నాడంతా ఆ పనిలోనే గడిపాను. అత్తయ్య పిండివంటలకి సాయం రమ్మని పిలిచి పిలిచి విసిగిపోయింది.

మూడో అంకం హైదరాబాద్ తిరిగొచ్చాక. రూటర్లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికొచ్చే దారి, తెరిస్తే చాలన్నారు. తెరిచాం. రాలేదు. మిల్లుకి నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా క్లియర్ మేడమ్" అని నాలుగుసార్లు చెప్పారు. తరవాత అర్థమైందేంటంటే, రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్‌లో మన చిరునామా) అని చూపించే నంబరు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది మన సొంత చిరునామా కాదు. ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకటే డోర్ నంబర్ ఉన్నట్టు, వందల ఇళ్లకు కలిపి బయట ఒకటే ఐపీ. సీజీనాట్ అంటారు దాన్ని. మన ఇంటి తలుపు ఎంత బార్లా తీసినా, కింద గేటు దగ్గర ఎవరికీ మన ఫ్లాట్ తెలీదు. ఒక రకంగా మంచిదే అయింది. 3389ని అలా ఊరంతటికీ తెరిచిపెట్టడం దొంగలకు తాళం చెవి పంచడమేనని మా అక్క కొడుకు తరవాత చీవాట్లు పెట్టాడు.

రస్ట్‌డెస్క్ ఈ గేటు సమస్యను దాటే పద్ధతి నాకు పెళ్లిళ్ల పేరయ్యను గుర్తు తెస్తుంది. రెండు కంప్యూటర్లూ బయట ఉన్న ఒక సర్వర్ దగ్గర "నేనున్నాను" అని పేరు రాయించుకుంటాయి. మిల్లు కంప్యూటర్‌కి రస్ట్‌డెస్క్ ఇచ్చిన నంబరు (ఐడీ) కొడితే పేరయ్య ఇద్దరినీ కలుపుతాడు, ఆ తరవాత వాళ్లు నేరుగా మాట్లాడుకుంటారు. నేరుగా కుదరకపోతే పేరయ్యే మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తాడు. దాన్ని రిలే అంటారు. ఏ రకంగా కలిశామో పైన చిన్న డాలు గుర్తు మీద మౌస్ పెడితే చెప్తుంది, డైరెక్టా, రిలేనా అని. నెమ్మదిగా ఉందని గోల పెట్టే ముందు చూడాల్సింది అది.

వాళ్ల ఉచిత పబ్లిక్ సర్వర్‌తోనే మొదలెట్టాను. అది ప్రపంచంలో అందరూ వాడుకునే ఊరబావి. అందుకే సొంత సర్వర్ పెట్టుకోమని వాళ్ల డాక్యుమెంట్లలోనే రాసి ఉంటుంది. నర్సరీ కంప్యూటర్‌కి నేరుగా కలిసేది, అక్కడ బాగానే నడిచింది. మిల్లుకి మాత్రం ఎప్పుడూ రిలేనే. డిస్‌ప్లే మెనూలో క్వాలిటీ మానిటర్ అని ఒకటుంది, అది పెడితే మూలన ఆలస్యం ఎంతో మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. మూడొందలు, మూడొందల యాభై. అంటే ఎంటర్ నొక్కాక స్క్రీన్ కదిలేలోపు వేలు ఇంకో ఎంటర్ నొక్కేస్తుంది. టాలీలో అది ఎంత ప్రమాదమో టాలీ వాడేవాళ్లకి చెప్పక్కర్లేదు. వోచర్ సేవ్ అయిపోతుంది.

సొంత సర్వర్ పెట్టడం మా అక్క కొడుకు పని. ముంబైలో నెలకు ఐదొందల లోపు అద్దెకు దొరికే చిన్న సర్వర్ తీసుకుని, ఒక ఆదివారం సాయంత్రం కూర్చున్నాడు. ప్రోగ్రాములు రెండే. పేర్లు రాసుకునేది హెచ్‌బీబీఎస్, మాటలు మోసేది హెచ్‌బీబీఆర్. సర్వర్ అద్దె కాక, ఈ ప్రోగ్రాములకీ రస్ట్‌డెస్క్‌కీ కలిపి నేను పెట్టిన ఖర్చు సున్నా. సోర్స్ కోడ్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద అందరికీ తెరిచే ఉంది. డబ్బు కట్టే ప్రో సర్వర్ కూడా ఉంది గానీ నాకు అవసరం పడలేదు.

ఆదివారం సాయంత్రం అన్నానే, నిజానికి బుధవారం దాకా సాగింది. ఎక్కడెక్కడ ఆగామో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు "నాట్ రెడీ" అని కింద ఎర్ర చుక్క. వాడు సర్వర్ ఫైర్‌వాల్‌లో 21115, 21116, 21117 పోర్టులు తెరిచాడు, కానీ మూడూ టీసీపీకే. నెట్‌లో సమాచారం వెళ్లే పద్ధతులు టీసీపీ, యూడీపీ అని రెండున్నాయి. 21116ని యూడీపీకి కూడా తెరవాలి. పేరు రాయించుకోవడం, బతికే ఉన్నానని అప్పుడప్పుడూ దగ్గడం ఆ దారిలోనే జరుగుతాయి. ఒక్క టిక్కు, ఒక రాత్రి పోయింది.

తరవాత "కీ మిస్‌మ్యాచ్". సర్వర్ తయారు చేసిన తాళం చెవిని (కీ అనే పొడవాటి అక్షరాల వరసని) రెండు వైపులా సెట్టింగుల్లో అతికించాలి. వాడు వాట్సాప్‌లో పంపాడు, నేను వేలితో పట్టి లాగి కాపీ చేశాను. చివర ఉన్న సమానం గుర్తు జారిపోయింది. మొత్తం 44 అక్షరాలుండాలి, లెక్కపెట్టుకోండి. లెక్కలు చూసేదాన్ని, నేనే లెక్కపెట్టలేదు.

మూడోది మాత్రం పూర్తిగా నా తెలివి. కొత్త సర్వర్ చిరునామా ముందు నా లాప్‌టాప్‌లో మార్చేశాను. ఇప్పుడు మిల్లు కంప్యూటర్లోకి వెళ్లి అక్కడా మారుద్దామని ఐడీ కొడితే "ఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్". ఎందుకుంటుంది? మిల్లు ఇంకా పాత పేరయ్య దగ్గరే ఉంది, నేను కొత్తాయన దగ్గరకొచ్చేశాను. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. నా వైపు పాత సెట్టింగు మళ్లీ పెట్టి, మిల్లులోకి వెళ్లి, అక్కడ కొత్తది వేశాను. వేసిన మరుక్షణం లైను తెగింది, తెగాలి కూడా. అప్పుడు నా వైపు మార్చుకున్నాను. దూరంగా ఉన్నదాన్ని ముందు మార్చాలి, దగ్గరున్నది తరవాత.

అంతా అయ్యాక మిల్లు ఆలస్యం యాభై, అరవై మిల్లీసెకన్లకు దిగింది. రిలేనే, కానీ పేరయ్య ఇప్పుడు ముంబైలో ఉన్నాడు, పైగా మా ముగ్గురి కోసమే ఉన్నాడు. టాలీ ముందు కూర్చున్నట్టే ఉంది. డీఎస్‌సీ టోకెన్ సంగతి అడుగుతారేమో, అది మొదటి రోజు నుంచే పని చేసింది. ఇక్కడ మనం వేరే సెషన్ తెరవడం లేదు, అక్కడి స్క్రీన్‌నే దూరం నుంచి చూస్తున్నాం. కంప్యూటర్‌కి సంబంధించినంతవరకు కుర్చీలో గుమస్తా గారున్నా నేనున్నా ఒకటే. నేను దీన్ని వదలకపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఇన్‌స్టాల్ చేయకుండా డౌన్‌లోడ్ చేసిన ఫైలు మీద రెండుసార్లు నొక్కినా రస్ట్‌డెస్క్ నడుస్తుంది. ఎరువుల కొట్టు కుర్రాడు అలాగే నడిపాడు. నేను టాలీ అప్‌డేట్ నొక్కగానే నా వైపు ఏదీ కదల్లేదు. అక్కడేమో "ఈ ప్రోగ్రాముకు అనుమతి ఇస్తారా, యెస్, నో" అని విండోస్ అడిగే పెట్టె వచ్చి కూర్చుంది. ఆ పెట్టె వచ్చినప్పుడు మిగతా స్క్రీన్ అంతా మసకబారుతుంది చూడండి, అప్పుడు విండోస్ వేరే భద్రమైన తెర మీదకు వెళ్లిపోతుంది. మామూలు ప్రోగ్రాములకు అక్కడికి ప్రవేశం లేదు. సరిగ్గా ఇన్‌స్టాల్ చేసి సర్వీసుగా నడిపిస్తే అదీ కనిపిస్తుంది, నొక్కొచ్చు. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక లాగిన్ స్క్రీన్ దగ్గరికీ వెళ్లొచ్చు. కాబట్టి రోజూ వెళ్లాల్సిన చోట ఇన్‌స్టాల్ చేయించండి.

బొమ్మ నాణ్యత గురించి ఒక మాట. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు "ఆప్టిమైజ్ రియాక్షన్ టైమ్" పెడితే చురుగ్గా ఉంటుంది, కానీ అక్షరాల అంచులు కరుగుతాయి. అలా పెట్టి నర్సరీ బిల్లులు ఎక్కిస్తూ ఒక 3ని 8గా చదివాను. బ్యాంకు కలవక రెండు రోజులు వెతికాను. తప్పు నాదే. అంకెలతో పని ఉన్నప్పుడు బ్యాలెన్స్‌డ్ కంటే కిందికి దించకండి. నమ్‌లాక్ రెండు వైపులా ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి, అక్కడ ఆరి ఉంటే మీరు కొట్టిన అంకెలు బాణాలై పైకీ కిందికీ పరిగెడతాయి.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ చేతిలోనూ లేనిది కరెంటు.

మిల్లులో కరెంటు పోతుంది. యూపీఎస్ పావుగంట లాగుతుంది, తరవాత కంప్యూటర్ పడిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో ఒకరు బటన్ నొక్కేదాకా అది లేవదు. రస్ట్‌డెస్క్‌లో నాకు "ఆఫ్‌లైన్" అని కనిపిస్తుంది. ఆదివారమైతే ఇక సోమవారమే. దీనికి బయోస్‌లో ఒక సెట్టింగు ఉంటుంది, కరెంటు తిరిగొస్తే దానంతటదే ఆన్ అవమని చెప్పేది. చిక్కేంటంటే, బయోస్ విండోస్ కన్నా ముందు వచ్చేది. అక్కడికి రిమోట్‌గా వెళ్లలేం. గుమస్తా గారే చేయాలి, నేను వాట్సాప్ వీడియోలో చూస్తూ చెప్పాలి.

ఆయనకు అరవై దాటాయి. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, రోకడ పుస్తకంలో ఒక్క కొట్టివేత కనపడదు. ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కుంటారు. ఫోన్‌ని సీపీయూ మీద నిలబెట్టారు, నాకు సగం మానిటర్, సగం సీలింగ్ ఫ్యాన్ కనిపిస్తున్నాయి.

"బాబాయ్, ఆన్ చేసి వెంటనే డిలీట్ నొక్కుతూ ఉండండి. ఆపకండి."

"ఏం డిలీట్ అయిపోతుందండీ అమ్మాయిగారూ?" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. లెక్కల కంప్యూటర్ కదా, భయం న్యాయమైందే. ఏదీ పోదని ఒట్టేశాను. మూడోసారికి నీలం స్క్రీన్ వచ్చింది.

"ఇప్పుడు ఆర్, ఈ, ఎస్, టీతో మొదలయ్యే లైను వెతకండి. రిస్టోర్ అని ఉంటుంది."

ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదివారు. పావుగంట పట్టింది. దొరికింది: "రిస్టోర్ ఏసీ పవర్ లాస్". ఎదురుగా "పవర్ ఆఫ్" అని ఉంది. "పవర్ ఆన్" చేయించి, ఎఫ్10 నొక్కించి సేవ్ చేయించాను. పరీక్షించాలి కదా. కంప్యూటర్ మామూలుగా షట్‌డౌన్ చేయించి, గోడ దగ్గర ప్లగ్గు తీసి అర నిమిషం ఆగి పెట్టమన్నాను. పెట్టారు. ఎవరూ ముట్టుకోకుండానే ఫ్యాన్ గర్రుమంది. "ఆయ్, దానంతటదే లేచిందండీ!" అని ఫోన్ ఎత్తి మానిటర్‌కి అంత దగ్గరగా పట్టుకున్నారు, నాకు తెల్లటి వెలుగు తప్ప ఏం కనపడలేదు. (సెట్టింగు పేరు, బయోస్‌లోకి వెళ్లే మీట కంప్యూటర్‌ని బట్టి మారతాయి. కొన్నిట్లో ఎఫ్2.)

దాంతోపాటే విండోస్ పవర్ సెట్టింగుల్లో స్లీప్ "నెవర్" చేయాలి. ఇది చెప్పకపోతే తిడతారు. నిద్రపోయిన కంప్యూటర్ ఎవరి మాటా వినదు.

భద్రత సంగతి. మిల్లు వైపు నేను శాశ్వత పాస్‌వర్డ్ పెట్టాను, దాని మీద టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తరవాత ఇంకో కోడ్ అడిగేది) కూడా పెట్టాను. పొద్దున్నే ఎవరో అక్కడ కూర్చుని నంబర్ చదివి చెప్పాల్సిన పని లేదు. అయితే ఒక సంగతి జరిగింది. పోయిన వానాకాలం గుమస్తా గారికి బ్యాంకు నుంచంటూ ఫోన్ వచ్చింది. కేవైసీ ఆగిపోయింది, ఫలానా యాప్ వేసుకుని అందులో కనిపించే నంబర్ చెప్పండి అన్నారట. ఆయన "మాకు ఆల్రెడీ ఉందండి, మా అమ్మాయిగారు పెట్టారు" అని వాళ్లతోనే అని, నాకు ఫోన్ చేసి "బ్యాంకువాళ్లకి కూడా మన నంబర్ ఇవ్వమంటారా?" అని అడిగారు. అడిగారు కాబట్టి బతికాం. స్క్రీన్ చూపించే యాప్‌లతో జరిగే ఈ మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2022లో విడుదల చేసిన బీ అవేర్ పుస్తకంలోనూ ఉంది. నేను చేసిన పని, ఐడీ కనిపించే చోట మానిటర్ అంచుకు తెలుగులో చీటీ అతికించడం: "ఈ నంబరు ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకుకైనా సరే." ఒకవేళ చెప్పేసి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని దాని కిందే రాశాను.

ఎవరికి వద్దంటాను? రెండు నెలలకోసారి అమ్మ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టేవాళ్లకి సొంత సర్వర్ గొడవంతా అనవసరం, పబ్లిక్ సర్వర్‌తోనే సరిపోతుంది. ఇంట్లో సర్వర్ చూసే కుర్రాడో పిల్లో లేకపోతే, అది ఆగిన రోజున మీరు ఫోన్ చేయడానికి ఎవరూ ఉండరు. మా వాడికి పరీక్షలున్నప్పుడు నాకూ గుండె దడే. ఫైల్ ట్రాన్స్‌ఫర్ బావుంది, రెండు పక్కపక్క పెట్టెలు, ఇటు నుంచి అటు పంపడమే. రోజూ సాయంత్రం టాలీ బ్యాకప్ అలాగే తెచ్చుకుంటాను. ప్రింటింగ్ జోలికి నేను పోలేదు, పీడీఎఫ్ చేసి తెచ్చుకుంటాను.

ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే సర్వర్ పెట్టడం నాలాంటి బీకామ్‌కి ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

కొత్త వెర్షన్ వచ్చిందని నిన్నటి నుంచి పైన చూపిస్తోంది. ఈ రోజు 17. ఈ నెల 20 దాటాక, గుమస్తా గారు కుర్చీలో ఉన్న రోజు చూసుకుని, నర్సరీది ముందు వేస్తాను. మిల్లుది ఆ తరవాత.